పదిహేడేళ్లకే షుగర్, ఇరవై నాలుగేళ్లకు లివర్ నిండా గడ్డలు: ఒక హెచ్‌ఎన్‌ఎఫ్1ఎ జన్యులోపం కేసు

రోగి వయసు 24 ఏళ్లు. పుత్తూరు దగ్గర పల్లె. శ్రీసిటీలో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పని. పదిహేడో ఏట షుగర్ బయటపడింది, అప్పటి నుంచీ ఇన్సులిన్ మీదే ఉంది. కుడివైపు పక్కటెముకల కింద బరువుగా ఉంటోందని ఊరికి దగ్గర్లో చూపించుకుంటే, అల్ట్రాసౌండ్ స్కాన్‌లో లివర్‌లో చాలా గడ్డలు కనిపించాయి. మరో చోట తీసిన సీటీ రిపోర్టులో 'వేరే అవయవం నుంచి పాకిన క్యాన్సర్ అయ్యుండవచ్చు' అని రాశారు. ఆ రిపోర్టు పట్టుకుని తల్లీకూతుళ్లిద్దరూ తిరుపతిలో నా దగ్గరికి వచ్చారు. నేను జీర్ణకోశ, లివర్ జబ్బుల డాక్టర్ని. బయాప్సీ చేయించాలన్నది నాకు వచ్చిన రిఫరల్.

వాళ్ల అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

తల్లి అడిగిన మొదటి మాట: "సార్, మా బిడ్డకి క్యాన్సరేనా? పెండ్లి చేయాలనుకుంటా ఉండాము సార్." అమ్మాయి మాత్రం ఏమీ మాట్లాడకుండా ఫైలు నా ముందుకు జరిపింది.

సీటీ ఫిల్ములు చూడటానికి ముందే నన్ను ఆపింది మనిషి వాలకం. లివర్ నిండా పాకిన క్యాన్సర్ ఉన్న మనిషి ఇలా ఉండదు. బరువు తగ్గలేదు, ఆకలి బాగుంది, నైట్ షిఫ్టు చేసి నేరుగా బస్సెక్కి వచ్చింది. లివర్ చేతికి కొద్దిగా తగులుతోంది, అంతే. కామెర్లు లేవు, పొట్టలో నీరు లేదు. బిలిరుబిన్, ఎంజైములు, అల్బుమిన్ అన్నీ నార్మల్. లివర్ క్యాన్సర్‌లో పెరిగే ఆల్ఫా ఫీటోప్రోటీన్ నార్మల్. హెపటైటిస్ బి, సి లేవు.

రెండో ఆలోచన షుగర్ గురించి. పాత చీటీల్లో అన్నిచోట్లా 'టైప్ 1' అని ఉంది. సన్నగా ఉన్న అమ్మాయికి చిన్న వయసులో షుగర్ వస్తే మొదట తట్టేది అదే. అయితే ఏడేళ్ల తర్వాత కూడా రోజుకు 22 యూనిట్ల ఇన్సులిన్‌తోనే నడుస్తోంది, బరువు 48 కిలోలు. షిఫ్టుల గొడవలో చాలాసార్లు ఇన్సులిన్ మానేసింది. అలాంటప్పుడు టైప్ 1 రోగికి కీటోన్లు పెరిగి ఆస్పత్రిలో చేరాల్సి వస్తుంది. ఈమెకు ఒక్కసారీ అలా జరగలేదు. అంటే పాంక్రియాస్ ఇంకా సొంతంగా ఇన్సులిన్ చేస్తోందన్నమాట. సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్ పంపితే 1.6 నానోగ్రాములు వచ్చింది, అప్పుడు రక్తంలో షుగర్ 190. ఇంత కాలం తర్వాత టైప్ 1లో ఇది ఉండాల్సిన అంకె కాదు. టైప్ 1లో కనిపించే జీఏడీ, ఐఏ2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ యాంటీబాడీలు మూడూ నెగెటివ్.

మన వైపు చిన్న వయసు షుగర్ అనగానే ఇంకో రెండింటిని కూడా తీసెయ్యాలి. ఒకటి, పాంక్రియాస్‌లో రాళ్లు కట్టి వచ్చే షుగర్. దక్షిణ భారతంలో ఇది కొత్తేమీ కాదు. సీటీలో పాంక్రియాస్ శుభ్రంగా ఉంది. రెండోది టైప్ 2. ఇప్పుడు ఇరవై ఏళ్లకే వస్తోంది కాబట్టి దాన్నీ వదలలేం. కానీ ఈమెకు మెడ వెనక నలుపు లేదు, నడుము సన్నం, ట్రైగ్లిజరైడ్లు 90, హెచ్‌డీఎల్ 58. టైప్ 2లో సాధారణంగా దీనికి పూర్తిగా ఎదురు కనిపిస్తుంది.

కుటుంబం గురించి అడిగితే అమ్మకు 28 ఏట షుగర్. అమ్మమ్మ షుగర్‌తోనే కిడ్నీలు దెబ్బతిని పోయింది. మేనమామకు 31 ఏట వచ్చింది. ఎవరూ లావు కారు. మూడు తరాలు, వరసగా, ఒకే వైపు.

ఇంకొక చిన్న అంకె నా కంట పడింది. పరగడుపు షుగర్ 132 ఉన్న రోజున మూత్రంలో షుగర్ మూడు ప్లస్సులు. మామూలుగా రక్తంలో షుగర్ 180 దాటితే గానీ కిడ్నీ దాన్ని బయటికి వదలదు. 132కే వదిలేస్తోందంటే కిడ్నీ నాళాల్లో గ్లూకోజును వెనక్కి పీల్చుకునే ఎస్‌జీఎల్‌టీ2 ప్రోటీన్ తక్కువగా తయారవుతోందని అనుమానించాలి. పాంక్రియాస్, కిడ్నీ, లివర్ మూడింట్లోనూ ఏకకాలంలో తేడా. ఈ మూడు అవయవాల్లోనూ పనిచేసే ఒకే ప్రోటీన్ ఏదన్నది ప్రశ్న.

నా అనుమానం హెచ్‌ఎన్‌ఎఫ్1ఎ అనే ప్రోటీన్ మీద. దాని జన్యువులో లోపం ఉంటే, లివర్ తయారుచేసే, ఇన్‌ఫెక్షన్‌లో పెరిగే సీఆర్పీ అనే ప్రోటీన్ బాగా తగ్గిపోతుంది. అక్కడే నేను హైసెన్సిటివిటీ సీఆర్పీ పరీక్ష రాశాను. లీటరుకు 0.12 మిల్లీగ్రాములు వచ్చింది. జ్వరం, జలుబు ఏమీ లేని సమయంలో మళ్లీ చేయిస్తే 0.10.

ఈ పరీక్ష గురించి తోటి డాక్టర్లకు ఒక మాట. మామూలు ల్యాబుల్లో చేసే సీఆర్పీలో '5 కంటే తక్కువ' అని మాత్రమే వస్తుంది. 0.1 అయినా 4 అయినా ఆ కాగితం మీద ఒకటే. హైసెన్సిటివిటీ పద్ధతిలోనే తేడా తెలుస్తుంది. ఖర్చు తక్కువ, తిరుపతిలో ఏ పెద్ద ల్యాబులోనైనా చేస్తారు. 0.5 కంటే తక్కువ ఉంటే, వయసు, కుటుంబ చరిత్ర కలిసివస్తే, జన్యు పరీక్షకు పంపడానికి అది గట్టి కారణం.

పాంక్రియాస్ జబ్బు గురించి లివర్ తయారుచేసే ప్రోటీన్ ఎలా చెబుతుంది? ఈ కేసంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మన ప్రతి కణంలోనూ ఉన్న డీఎన్‌ఏ దాదాపు ఒకటే. అల్బుమిన్ తయారీకి కావలసిన జన్యువు చర్మకణంలోనూ ఉంది, మెదడు కణంలోనూ ఉంది. పనిచేసేది మాత్రం లివర్‌లో. తిరుమల క్యూ కాంప్లెక్సులో అన్ని కంపార్ట్‌మెంట్లలోనూ జనం ఉంటారు, గేటు తీసిన కంపార్ట్‌మెంటు వాళ్లే ముందుకు కదులుతారు. కణంలో ఆ గేట్లు తీసే పని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లనే ప్రోటీన్లది. జన్యువు మొదట్లో ఉండే ప్రమోటర్ దగ్గరో, దూరంగా ఉండే ఎన్‌హాన్సర్ దగ్గరో, తమకు సరిపోయే అక్షరాల వరసను గుర్తుపట్టి అవి అక్కడ అంటుకుంటాయి. ఆ తర్వాత డీఎన్‌ఏ చుట్టుకుని ఉన్న హిస్టోన్లనే ప్రోటీన్లను సడలించే ఎంజైములను పిలుస్తాయి. అప్పుడు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైము వచ్చి ఆ జన్యువును చదవగలుగుతుంది.

లివర్ కణాన్ని లివర్ కణంగా నిలబెట్టేది ఏ ఒక్క ఫ్యాక్టరో కాదు, ఒక చిన్న జట్టు. ఫాక్సా అనే ఫ్యాక్టర్లు ముందుగా వెళ్లి బిగుసుకుని ఉన్న క్రొమాటిన్‌ను, అంటే హిస్టోన్లకు చుట్టుకున్న డీఎన్‌ఏను, తెరుస్తాయి. హెచ్‌ఎన్‌ఎఫ్4ఎ, హెచ్‌ఎన్‌ఎఫ్1ఎ, సీ/ఈబీపీ ఆల్ఫా, హెచ్‌ఎన్‌ఎఫ్6 వాటి తర్వాత చేరతాయి. ఒకదాన్నొకటి నడిపించుకుంటాయి కూడా. లివర్‌లో హెచ్‌ఎన్‌ఎఫ్1ఎ జన్యువు ప్రమోటర్ మీద హెచ్‌ఎన్‌ఎఫ్4ఎ కూర్చుంటుంది. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ చేసే బీటా కణంలో వరస తిరగబడుతుంది, హెచ్‌ఎన్‌ఎఫ్4ఎను నడపడంలో హెచ్‌ఎన్‌ఎఫ్1ఎకు పెద్ద పాత్ర ఉంటుంది. 2004లో మనిషి లివర్ కణాల మీద జరిగిన ఒక అధ్యయనంలో, పరిశీలించిన జన్యువుల్లో దాదాపు 12 శాతం జన్యువుల ప్రమోటర్ల దగ్గర హెచ్‌ఎన్‌ఎఫ్4ఎ కనిపించింది. ఒక ప్రోటీన్‌కు ఇంత విస్తృతమైన బాధ్యత ఉందని తెలిశాక, దాంట్లో చిన్న లోపం వస్తే అది ఒక్క అవయవానికి పరిమితం కాదని అర్థమవుతుంది.

హెచ్‌ఎన్‌ఎఫ్1ఎ మొదట బయటపడింది లివర్ పరిశోధనలోనే. 1987లో ఫైబ్రినోజన్, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ జన్యువుల ప్రమోటర్లకు అంటుకునే లివర్ ప్రోటీన్‌గా దాన్ని గుర్తించారు. పేరులో 'హెపటోసైట్' ఉండటానికి కారణం అదే. 1996లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకుల బృందం ఈ జన్యువులోని లోపమే మోడీ3 అనే వారసత్వ షుగర్‌కు కారణమని చూపించింది. అదే ఏడాది పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఈ జన్యువు రెండు కాపీలూ లేని ఎలుకలను తయారుచేశారు. వాటి లివర్ పెద్దదైంది, కిడ్నీ గ్లూకోజును పట్టుకోలేకపోయింది. ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైము జన్యువు పూర్తిగా మూగబోయి, వాటికి అది ఒంట్లో పేరుకుపోయే ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు కూడా వచ్చింది. ఆ ఎంజైము జన్యువులో ఏ తప్పూ లేదు. దాన్ని తెరవాల్సిన ప్రోటీన్ లేదు, అందుకని ఆ చోట క్రొమాటిన్ మూసుకునే ఉండిపోయింది. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ ఏం చేస్తుందో చెప్పమంటే వైద్య విద్యార్థులకు నేను ఈ ఎలుకల గురించే చెబుతాను.

ఇప్పుడు సీఆర్పీ సంగతి. సీఆర్పీని తయారుచేసేది లివర్. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతంతో స్టాట్3, సీ/ఈబీపీ బీటా అనే ఫ్యాక్టర్లు ఆ జన్యువు దగ్గరికి చేరతాయి. అయితే ఆ ప్రమోటర్ మీద హెచ్‌ఎన్‌ఎఫ్1ఎకు కూడా స్థానాలున్నాయి, దాని సాయం లేకపోతే మామూలు రోజుల్లో ఉండాల్సిన కొద్దిపాటి సీఆర్పీ కూడా తయారవదు. ఈ అమ్మాయి విషయంలో రెండు కాపీల్లో ఒకటి బాగానే ఉంది, అయినా సీఆర్పీ పడిపోయింది. అల్బుమిన్ పడిపోలేదు, ఎందుకంటే దాని ప్రమోటర్‌ను మోసే చేతులు ఇంకా చాలా ఉన్నాయి. ఒకే ఫ్యాక్టర్ సగానికి తగ్గినా ఒక్కో జన్యువు ఒక్కోలా స్పందిస్తుంది. ఈ తేడాయే మనకు పరీక్షగా పనికొస్తోంది.

మరి గడ్డలు? పుట్టుకతో ఒక కాపీ పాడై ఉన్నా లివర్ కణాలు నెట్టుకొస్తాయి. ఎప్పుడో ఒక కణంలో మిగిలిన మంచి కాపీ కూడా దెబ్బతింటే ఆ కణం దారి తప్పి పెరగడం మొదలుపెడుతుంది. ఇలా రెండు కాపీలూ పోయిన లివర్ అడినోమాల గురించి 2002లో ఫ్రెంచ్ బృందం వివరించింది. ఆ కణాల్లో కొవ్వు ఆమ్లాలను మోసే ఎల్-ఎఫ్‌ఏబీపీ ప్రోటీన్ తయారవదు, కొవ్వు తయారీ మాత్రం పెరుగుతుంది. ఫలితంగా గడ్డ కొవ్వుతో నిండిపోతుంది. అడినోమా అంటే క్యాన్సర్ కాదు. హెచ్‌ఎన్‌ఎఫ్1ఎ రకం అడినోమా క్యాన్సర్‌గా మారే అవకాశం చాలా తక్కువ కూడా. బీటా కెటెనిన్ అనే మరో ప్రోటీన్ జన్యువులో మార్పున్న రకానికే మనం భయపడాలి.

కొవ్వు నిండిన గడ్డ అయితే ఎంఆర్‌ఐలో దొరికిపోతుంది. ఇన్ ఫేజ్, అవుట్ ఆఫ్ ఫేజ్ అని రెండు రకాల బొమ్మలు తీస్తారు. కొవ్వున్న చోట రెండో బొమ్మలో నల్లబడుతుంది. ఈమె లివర్‌లో పన్నెండుకు పైగా గడ్డలున్నాయి. దాదాపు అన్నీ ఒకే రీతిలో, అంచు నుంచి అంచు దాకా నల్లబడ్డాయి. పెద్దది 4.3 సెంటీమీటర్లు. పాకిన క్యాన్సర్ ఇలా కనిపించదు.

ఆ బొమ్మలు చూశాక బయాప్సీ అక్కర్లేదనే వాదనకు బలముంది. అడినోమాలో సూది గుచ్చితే రక్తం కారే ప్రమాదం ఉంటుంది. కానీ ఒక గడ్డ మిగతావాటిలా పూర్తిగా నల్లబడలేదు. అప్పటికే చేతిలో 'క్యాన్సర్' అని ముద్రపడిన రిపోర్టు ఉంది. ఆ అనుమానం తీరకుండా ఆ కుటుంబం ప్రశాంతంగా ఉండలేదని నాకు అనిపించింది. అందుకే ఆ ఒక్క గడ్డ నుంచే తీశాం. మామూలు స్లైడులో మంచి కణాలే, మధ్యలో కొవ్వు. ప్రత్యేక స్టెయిన్లు ఇక్కడ దొరకలేదు, బ్లాకును బయటికి పంపించాం. ఎల్-ఎఫ్‌ఏబీపీ గడ్డలో పూర్తిగా మాయం, పక్కనున్న మంచి లివర్‌లో ఉంది. బీటా కెటెనిన్ కేంద్రకంలోకి చేరలేదు, గ్లుటమిన్ సింథటేజ్ మామూలుగానే ఉంది. అంటే ఇది భయపడాల్సిన రకం కాదు.

రక్తం నుంచి చేసిన జన్యు పరీక్షలో హెచ్‌ఎన్‌ఎఫ్1ఎ జన్యువు నాలుగో ఎక్సాన్ అనే ముక్కలో మార్పు దొరికింది. ఆ చోట వరసగా ఎనిమిది 'సి' అక్షరాలు ఉంటాయి. ఈమెలో తొమ్మిది ఉన్నాయి. ఒక అక్షరం ఎక్కువైనందుకు ఆ తర్వాత చదవడమంతా పక్కకు జరిగి, 631 అమైనో ఆమ్లాలు ఉండాల్సిన ప్రోటీన్ సగంలోనే ఆగిపోతుంది. డీఎన్‌ఏను పట్టుకునే భాగం ముందువైపు ఉంటుంది, జన్యువును పనిచేయించే భాగం వెనకవైపు. పోయింది ఆ వెనకవైపే. ప్రపంచంలో ఈ జన్యువులో తరచూ కనిపించే మార్పు ఇదే.

హార్మోన్ మాత్రల గురించి

మొదటిసారి అడిగితే "ఏ మాత్రలూ వాడటం లేదు సార్" అన్నారు. రెండోసారి విడిగా, ఒక్కొక్క పేరూ చెప్పి అడిగితే అసలు విషయం తెలిసింది. పీరియడ్స్ సరిగ్గా రావడం లేదని మూడేళ్లుగా గర్భనిరోధక మాత్రలే వాడుతోంది. పెండ్లి కాని పిల్ల కాబట్టి ఆ పేరుతో చెప్పుకోవడం వాళ్లకు ఇష్టం లేదు. దాని మీద పండగలకు, జాతరకు, కొండకు పోయే రోజులకు పీరియడ్స్ వాయిదా వేసే మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది. మన ఊళ్లలో ఈ వాయిదా మాత్రను ఎవరూ మందుగా లెక్కపెట్టరు, డాక్టరుకు చెప్పాల్సిన విషయంగా అసలు అనుకోరు. అందులో ఉండే నోరెథిస్టెరాన్ కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. లివర్ అడినోమాకూ గర్భనిరోధక మాత్రలకూ సంబంధం ఉందని 1973 నుంచే తెలుసు. జన్యులోపం ఉన్న లివర్‌కు ఈస్ట్రోజన్ ఎరువు వేసినట్టే. తిరుపతిలో పనిచేసే ప్రతి డాక్టరూ, ఆడవాళ్ల లివర్‌లో గడ్డ కనిపిస్తే, ఈ వాయిదా మాత్రల ప్రశ్నను విడిగా, గౌరవంగా అడగాలని నా గట్టి అభిప్రాయం.

రెండు రకాల మాత్రలూ ఆపేశాం. గడ్డలు కోయలేదు. ఆడవాళ్లలో 5 సెంటీమీటర్ల లోపు ఉన్న అడినోమాను హార్మోన్లు ఆపి గమనించడమే పద్ధతి. పైగా లివర్ రెండు వైపులా పన్నెండుకు పైగా గడ్డలుంటే అన్నీ కోయడం కుదరదు. ఉన్నట్టుండి పొట్టలో భరించలేని నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రావాలని చెప్పి, లోపల రక్తం కారే ప్రమాదం గురించి ఇద్దరికీ వివరంగా చెప్పాం.

షుగర్ వైద్యాన్ని ఎండోక్రైనాలజిస్ట్ చూసుకున్నారు. హెచ్‌ఎన్‌ఎఫ్1ఎ లోపంలో బీటా కణం గ్లూకోజును గుర్తించి ఇన్సులిన్ వదిలే దారిలో తొలి మెట్లు బలహీనపడతాయి. సల్ఫనైల్‌యూరియా మాత్రలు ఆ మెట్లను దాటేసి, నేరుగా పొటాషియం ఛానల్‌ను మూసి ఇన్సులిన్‌ను వదిలిస్తాయి. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ రోగుల్లో గ్లిక్లజైడ్ ప్రభావం మెట్‌ఫార్మిన్ కంటే అయిదు రెట్లు ఎక్కువగా కనిపించింది. అందుకే చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది. 40 మిల్లీగ్రాముల గ్లిక్లజైడ్‌తో మొదలుపెట్టి, ఇన్సులిన్ మెల్లగా తగ్గిస్తూ చివరకు ఆపేశారు. మూడు నెలల షుగర్ సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1 నుంచి 6.8కి వచ్చింది. ఏడేళ్లుగా పొడుచుకుంటున్న సూదులు ఆగాయి. ఫ్యాక్టరీ హాస్టల్లో ఇన్సులిన్ దాచుకోవడానికి ఫ్రిజ్ కోసం వెతుక్కునే బాధ కూడా తీరింది.

అయితే ఈ షుగర్‌ను 'తేలికది' అని ఎవరూ అనుకోకూడదు. కంట్రోల్ లేకపోతే కళ్లు, కిడ్నీలు, నరాలు అందరిలాగే దెబ్బతింటాయి. ఈ ఇంట్లో అమ్మమ్మకు జరిగింది అదే. తల్లికి కంటి రెటీనాలో మార్పులు అప్పటికే మొదలయ్యాయి.

కుటుంబంలో మార్పు ఎక్కడుందో తెలిశాక మిగతావాళ్లకు జన్యువంతా చదవక్కర్లేదు, ఆ ఒక్క చోటు చూస్తే చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది. తల్లికి ఉంది. మేనమామకు ఉంది. తల్లి లివర్ స్కాన్ శుభ్రంగా ఉంది. ఇది విచిత్రం కాదు, ఈ మార్పు ఉన్నవాళ్లలో అడినోమాలు వచ్చేది కొద్దిమందికే. 15 ఏళ్ల తమ్ముడికి రక్తంలో షుగర్ నార్మల్, కానీ అన్నం తిన్న తర్వాత మూత్రంలో షుగర్ పాజిటివ్. తల్లి అనుమతి, వాడి ఒప్పుదల రెండూ తీసుకుని పరీక్ష చేయిస్తే వాడికీ ఉంది.

అసలు కష్టమైన సంభాషణ పెండ్లి గురించి. ఇంట్లో ముందునుంచీ అనుకున్న సంబంధం మేనమామ కొడుకుతో. రాయలసీమలో మేనరికం మామూలే, దాన్ని తప్పుపట్టడం నా పని కాదు. కానీ లెక్క చెప్పడం నా పని. మేనమామకు మార్పు ఉంది కాబట్టి బావకు ఉండే అవకాశం సగానికి సగం. బావకు కూడా ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు కాపీలూ పాడయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ఎలుకల్లో రెండు కాపీలూ పోతే ఏమైందో పైన రాశాను. బావకు లేకపోతే, బయటి సంబంధానికీ దీనికీ ఈ జన్యువు విషయంలో తేడా ఉండదు. బిడ్డకు ఒక కాపీ వచ్చే అవకాశం ఎక్కడైనా సగం.

ఈ మాటలు మేనమామకు మొదట నచ్చలేదు. "పిల్లకి జబ్బుందని మా వాడికి పరీక్షలేంది సార్?" అన్నాడు. ఈ మార్పు ఆయన ఒంట్లోనూ ఉందనీ, పిల్లకు వచ్చింది ఆయన తల్లి వైపు నుంచేననీ నెమ్మదిగా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. కొడుకును తనే తీసుకొచ్చాడు. ఆ అబ్బాయికి మార్పు లేదని రిపోర్టు వచ్చింది. పెండ్లి చేసుకోవాలా వద్దా అన్నది మాత్రం ఆ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలని, పెద్దలందరి ముందే అమ్మాయితో అన్నాను.

హార్మోన్లు ఆపిన ఏడాది తర్వాత తీసిన ఎంఆర్‌ఐలో పెద్ద గడ్డ 3.6 సెంటీమీటర్లకు తగ్గింది, చిన్నవాటిలో రెండు కనిపించలేదు, కొత్తవి రాలేదు. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలుగానీ వాయిదా మాత్రలుగానీ వాడకూడదని ఆమె ఫైలు మొదటి పేజీలోనే తెలుగులో రాసిచ్చాం. పెండ్లయ్యాక గర్భనిరోధానికి కాపర్-టీ వాడుకోవచ్చు. గర్భం దాలిస్తే 6 నుంచి 12 వారాలకోసారి లివర్ స్కాన్ చేయాలి, షుగర్ మందు మార్పుల కోసం గర్భం రాకముందే ఎండోక్రైనాలజిస్టును కలవాలి. తల్లికి కూడా మాత్ర మార్చారు, కంటికి చికిత్స నడుస్తోంది. తమ్ముడికి ఇప్పుడు ఏ మందూ అవసరం లేదు, ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ చూస్తాం. వాడి స్కూలు హెల్త్ కార్డులో 'మూత్రంలో షుగర్ వచ్చినంత మాత్రాన ఇన్సులిన్ మొదలుపెట్టవద్దు, ముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని రాసి సంతకం పెట్టాను.